కండక్టర్ అన్నం మీద అలిగినాడు

డిసెంబర్ 2, మంగళవారం

ఈ రోజు నుంచి ఇంట్లో అన్నం ముట్టను. ముట్టనంటే ముట్టను. రేపు కూర వాసనకి నా మనసు మారకుండా ఈడ రాసి పెడుతున్నా.

సంగతేందంటే, పొద్దున డ్యూటీకి పిలవడానికి మా డ్రైవర్ కాశయ్య గడప కాడికి వచ్చినాడు. రేణుక టీ ఇచ్చింది. ఇచ్చినామె ఊరికే ఉండొచ్చు గదా. "ఏం కాశన్నా, మీ కండక్టర్ పొట్టకి బస్సులో దారి చాలుతా ఉందా, ప్యాసింజర్లే పక్కకి జరుగుతా ఉండారా?" అన్నాది. కాశయ్యకి టీ ముక్కులోకి పోయింది నవ్వలేక. పెండ్లాం నవ్వింది, డ్రైవర్ నవ్వినాడు, సరే. జ్యోతి కూడా నవ్వింది. తొమ్మిదేండ్ల పిల్ల, నా సొంత కూతురు, నా పొట్ట చూసి నవ్వింది!

పద్నాలుగేండ్ల సర్వీసు నాది. మార్కాపురం నుంచి త్రిపురాంతకం దాకా, ఈ ఈశ్వరప్రసాద్ నోట్లోంచి "రైట్" అనే మాట రాకుండా బస్సు కదలదు. అట్లాంటి మనిషిని గడపలో నిలబెట్టి పొట్ట గురించి మాట్లాడతారా?

నేను అరవలేదు. మా నాయన గోవిందయ్య అయితే కంచం ఎత్తి వాకిట్లోకి ఇసిరేవాడు. ఉప్పు తక్కువైతే కంచం, ఎక్కువైతే చెంబు. నేను ఆ మాదిరి మనిషిని కాదు. నాది మర్యాద కోపం. కంచాన్ని రెండు వేళ్ళతో ముందుకు తోసినా. తువ్వాలు భుజాన ఏసుకున్నా. "నాకు ఆకలి లేదు" అన్నా. క్యారియర్ ఆడనే వదిలేసి వచ్చేసినా. ఆ మూడు మాటలు చాలు, మా ఇల్లు ఇల్లంతా వణుకుతాది.

పదకొండింటికి త్రిపురాంతకం బస్టాండు. సరోజమ్మ హోటల్లో ఉగ్గాని ఒక ప్లేటు, మిరపకాయ బజ్జీలు నాలుగు, కారం దోశె ఒకటి. సాయంత్రం తిరుగు ట్రిప్పులో ఇంకో దోశె. ఇవి లెక్కలోకి రావు. నేను అలిగింది ఇంటి అన్నం మీద గానీ ఆకలి మీద కాదు.

డిసెంబర్ 3, బుధవారం

దీక్ష రెండో రోజు. (ఉగ్గాని, ఆమ్లెట్లు రెండు, బజ్జీలు మూడు. "ఇంకోటి ఎయ్యనా అన్నా?" అని సరోజమ్మ అడిగితే మొహమాటానికి ఇంకోటి.)

ఇంటికొచ్చి మొహం పీక్కపోయినట్టు పెట్టుకోని పండుకున్నా. సరిగ్గా రేణుక గదిలోకి వచ్చే టయానికి తేన్పు వచ్చింది. దిండులో మొహం పెట్టి మింగినా. ఉపవాసం చెయ్యడం తేలిక, దాన్ని నటించడమే కష్టం.

ఇంకో సంగతి. పొద్దున వంటింట్లో చూస్తే నిన్నటి అన్నం గిన్నెలో సగానికి పైన అట్లనే ఉంది, నీళ్ళు పోసి పెట్టింది. నేను తిననని తెలుసు గదా, మరి అంత ఎందుకు వండినట్టు? పొదుపు తెలియని మనిషి. ఈ విషయం మీద కూడా ఒకసారి అలగాల.

డిసెంబర్ 4, గురువారం

గెలిచినా!

రేణుక దిగొచ్చింది. నాటుకోడి పులుసు, రాగి సంగటి, అలసంద వడలు. "తప్పయిపాయె. ఇంక పొట్ట మాట ఎత్తను. తినుపో సామీ," అన్నాది. గొంతులో సత్తువే లేదు. బాగా పశ్చాత్తాపపడినట్టుంది. నేను ఒకసారి వద్దన్నా. రెండోసారి కూడా వద్దన్నా. మూడోసారి అడగదేమోనని నాకే భయమేసి, అడగకముందే పీట మీద కూర్చున్నా.

జ్యోతి నా పక్కనే గొంతుక్కూర్చోని రెప్పెయ్యకుండా చూస్తా ఉంది. మా వీధి పిల్లలందరూ డాడీ అంటారు, ఇది ఒక్కటే నాయనా అంటాది. నేను నేర్పిచ్చిన మర్యాద అది.

"నాయనా, మూడు దినాలు ఏమీ తినలేదు గదా. కడుపులో మంట కాలేదా?"

"కోపమున్నోళ్ళకి ఆకలి కాదు తల్లీ," అన్నా.

ఆహా! నా నోట్లోంచి ఇట్లాంటి మాట వచ్చిందంటే నాకే నమ్మకం కుదరలేదు. పిల్ల నోరు తెరుచుకోని విన్నాది. బిడ్డ కాడ తండ్రి విలువ ఇట్లనే పెరగాల.

సాయంత్రం తిన్న రెండు దోశెల మీద సంగటి పడేసరికి ఊపిరాడలేదు. వాము నములుతా రాస్తున్నా.

డిసెంబర్ 6, శనివారం

చిక్కొచ్చి పడింది.

జ్యోతిని ఒక ఆదివారం బస్సులో త్రిపురాంతకం తీసకపోతానని దసరా నుంచి చెప్తా ఉన్నా. నా పక్కన కిటికీ కాడ కూర్చుంటాదంట, రైట్ తనే చెప్తాదంట, విజిల్ తనే ఊదుతాదంట. రేపటికని పసుపుపచ్చ గౌను ఇస్త్రీ చేయించి తలుపు వెనక తగిలిచ్చి పెట్టుకుంది.

ఆ బస్టాండులో సరోజమ్మ ఉంటాది. ఆమె మంచి మనిషే గానీ నోటికి మూతలేదు. పిల్ల ముందర "అన్నా, మొన్న బజ్జీలు బాగుండినాయా?" అన్నాదంటే నా మూడు రోజుల దీక్ష సంగతి, నా విలువ సంగతి, అంతా గంగపాలు.

"రేపు చెకింగ్ ఉంటాది తల్లీ. సొంత పిల్లల్ని ఎక్కిచ్చుకుంటే నా ఉద్యోగం పోతాది," అన్నా.

"మరి పోయిన ఆదివారం కాశయ్య పెదనాయన వాళ్ళ పిల్లోడు బస్సులో వచ్చినాడు గదా?"

"అది వేరే."

పిల్ల గౌను మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

డిసెంబర్ 7, ఆదివారం

ఈ రోజు జరిగింది మాత్రం బంగారు అక్షరాలతో రాయాల.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి జ్యోతి కంచం ముందర కూర్చోని ఉంది. మధ్యాహ్నం కూడా తినలేదంట. నేను చూస్తా ఉండంగానే కంచాన్ని రెండు వేళ్ళతో ముందుకు తోసింది. దండెం మీది తుండుగుడ్డ తీసి భుజాన ఏసుకుంది. "నాకు ఆకలి లేదు" అని బయటికి పోయి మెట్టు మీద కూర్చుంది. అదే మాట, అదే రాగం! నాకు నవ్వాగలేదు. కాశయ్యకి ఫోన్ చేసి "నా రక్తంరా, అచ్చు నా రక్తం!" అని చెప్పినా. "నీ పొట్ట రాలేదు గదా, సంతోషించు," అన్నాడు, దొంగనాయాలు.

రేణుక మాత్రం నవ్వలేదు. ఈమెకి దేనికీ నవ్వు రాదు, నా పొట్టకి తప్ప.

పొద్దున్నే తింటాదిలే. పిల్లల కోపం ఎంతసేపు.

డిసెంబర్ 8, సోమవారం

తినలేదు.

బళ్ళో మధ్యాహ్నం ఇచ్చే గుడ్డు కూడా పక్కపిల్లకి ఇచ్చేసిందంట. సాయంత్రం గట్టిగా బెదిరిచ్చినా. గోడకి తిరిగి పండుకుంది. రేపు తింటాది. తినక యాడికి పోతాది.

డిసెంబర్ 9, మంగళవారం

ప్రార్థన లైన్లో పడిపోయింది నా బిడ్డ.

టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నా, అరవై మంది జనం. ఎవరికి ఏ టిక్కెట్టు కొట్టినానో నాకు తెలియదు. ఒక ముసలాయన "ఏందయ్యా, నాకు రెండు ఊర్లు దాటిచ్చి కొట్టినావు," అంటా ఉండాడు, నాకు చెవులు పనిచెయ్యడం లేదు. తిరుగు ట్రిప్పులో మార్కాపురం వచ్చి ఆస్పత్రికి పరిగెత్తేసరికి చేతికి సెలైన్ ఎక్కుతా ఉంది. ఆ చెయ్యి ఎంతుందని! సూదికి చోటు దొరకలేదని మూడుచోట్ల పొడిచినారంట.

"కడుపులో ఏమీ లేదమ్మా. ఎందుకు తినలేదు?" అని డాక్టరు అడిగితే పిల్ల నా పక్క చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూసినా.

ఇంటికి ఆటోలో వస్తా ఉంటే నా మీద ఒరిగి చిన్నగా అన్నాది.

"నువ్వు మూడు దినాలుండావు గదా నాయనా. నాకు రెండు దినాలు కూడా కాకముందే కండ్లు తిరిగినాయి. ఆకలి కూడా అయింది, శానా అయింది. నాకు కోపం సరిగ్గా రాలేదేమో."

చెప్పేద్దామనుకున్నా. కానీ ఆటో చప్పుడు ఎక్కువగా ఉంది.

డిసెంబర్ 10, బుధవారం

నిన్న ఆటో చప్పుడేమీ లేదు. గొర్రెల మంద అడ్డమొస్తే ఆపినాడు. ఇంజన్ కూడా ఆపేసినాడు.

డిసెంబర్ 11, గురువారం

పాలు తాగుతాది, అంతే. అన్నం రెండు ముద్దలు నోట్లో పెట్టుకోని, చాలని లేస్తాది. నిన్న రేణుక కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే అసలు సంగతి చెప్పింది. ఈసారి మూడు దినాలు ఉండి చూపిస్తాదంట. మొన్న ఓడిపోయింది గాబట్టి పాలతో మొదలుపెట్టి అలవాటు చేసుకుంటాదంట. నాయన చేసినప్పుడు తను ఎందుకు చెయ్యలేకపోతాదంట.

ఆదివారం బస్సులో తీసకపోతానన్నా. వద్దన్నాది. విజిల్ చేతికిచ్చినా. మంచం మీద పెట్టేసింది. సైకిల్ కొనిస్తానన్నా. "నాకు ఆకలి లేదు నాయనా," అన్నాది. ఆ మాట వింటా ఉంటే ఇంతకాలం నేను ఎంత బాగా అనేవాడినో తెలిసింది.

సాయంత్రం పప్పన్నం కలిపి నేనే ముద్ద పెట్టబోయినా. నోరు తెరవలేదు. ఇంకోసారి అడిగినా. తెరవలేదు. తర్వాత ఏమైందో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తా. కంచం ఎత్తి వాకిట్లోకి ఇసిరినా. స్టీలు కంచం, బండల మీద తిరిగి తిరిగి ఆగింది. పప్పు గోడకి కొట్టుకుంది.

ఆ మాదిరి మనిషిని కానని రాసుకోని పది దినాలు కాలేదు. మర్యాద కోపమంట, నా మొహానికి మర్యాద.

జ్యోతి ఏడవలేదు, బిగుసుకపోయింది. రేణుక చీపురు తెచ్చి ఊడ్చింది. మా అమ్మ ఆదిలక్ష్మమ్మ కూడా ఇట్లనే వంగి ఊడ్చేది. ఊడ్చినాక నన్ను ఒళ్ళో పెట్టుకోని తినిపిచ్చేది. ఆ దినాల్లో అమ్మ తినేదా? నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. అమ్మ పోయి ఆరేండ్లాయె, ఇంక ఎవరిని అడిగేది.

అప్పుడు చూసినా రేణుకని. చెంపలు లోపలికి పోయి ఉండాయి.

"నువ్వన్నా తిను. నువ్వు కూడా పడిపోతే ఎట్ల?" అన్నా.

"పిల్ల తినకుండా నాకెట్ల దిగుతాది?"

"అంటే ఆదివారం నుంచి నువ్వు కూడా తినలేదా?"

"దాందేముంది. నువ్వు తినని దినాలు మాత్రం నేనెప్పుడు తిన్నా?"

కోపంగా అనలేదు. గోడ కడగడానికి బకెట్లో నీళ్ళు ముంచుకుంటా, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

పెండ్లయి పన్నెండేండ్లు. నెలకి ఒకసారన్నా అలిగి ఉంటా. ఒక్కసారి కూడా నాకు తెలియలేదు. నీళ్ళు పోసిన గిన్నె కండ్లెదురుగానే ఉండింది, దాన్ని చూసి పొదుపు లేదని రాసినా. ఆ పేజీ కొట్టేద్దామని పెన్ను పెట్టి, తీసేసినా. ఉండనీ. ఈ ఇంట్లో మూడు రోజులు ఉపవాసం ఉన్నది నేను కాదు, రేణుక. నేను పేరు మాత్రం కొట్టేసినా, బజ్జీలు తింటా.

డిసెంబర్ 12, శుక్రవారం

సెలవు పెట్టినా.

జ్యోతి బడికి పోలేదు. గోడకి ఆనుకోని మంచం మీద కూర్చోని ఉంది, పెదవులు ఎండిపోయినాయి. ఎదురుగా కింద కూర్చున్నా. దినానికి వెయ్యిసార్లు అరిచే గొంతు నాది, ఈ ఒక్క మాటకి లేవలేదు.

"తల్లీ, నేను ఆ మూడు దినాలు తిన్నా."

"ఏం తిన్నావు?"

"ఉగ్గాని. బజ్జీలు. దోశెలు. ఆమ్లెట్లు కూడా."

జ్యోతికి నవ్వొచ్చింది. "అబద్ధం. నేను తినాలని చెప్తా ఉండావు."

"నీ మీద ఒట్టు."

"చెకింగ్ ఉందని కూడా చెప్పినావు గదా."

చూడు నా బతుకు. ఇన్నేండ్లు అబద్ధమాడితే ఒక్కరూ అనుమానపడలేదు. ఒక్క పొద్దు నిజం చెప్తే సాక్షిని తెమ్మంటా ఉండారు.

సరే, సాక్షి. సరోజమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టినా. ఎట్ల మొదలుపెట్టాల్నో మనసులో మాటలు కూడబెట్టుకుంటా ఉన్నా, నేను నోరు తెరిచేలోపలే ఆమె తెరిచింది.

"ఏందన్నా, వారం దినాలాయె, మనిషే కనపడవు! ఇంట్లో కొట్లాటలు లేవా ఏంది? నువ్వు అలిగితేనే గదా నాకు బేరం!"

వెనకాల నూనెలో బజ్జీలు చిటపటమంటా ఉండాయి. ఆ చప్పుడు కూడా స్పీకర్లో ఇంటికి వచ్చేసింది.

"సరోజమ్మా, పోయిన వారం మంగళవారం, బుధవారం, గురువారం నీకాడ నేను తిన్నానా లేదా? నిజం చెప్పు."

"తినలేదని ఎవరన్నారు? పొద్దున ఒక విడత, సాయంత్రం తిరుగు బస్సుకి ఒక విడత. కాశయ్యన్ననే అడుగు. ఏమనుకోవద్దు గానీ అన్నా, పొట్ట కొంచెం చూసుకో."

ఫోన్ పెట్టేసినా. వంటింటి గుమ్మంలో రేణుక నిలబడి ఉంది, చేతిలో గరిటె. ఆ పక్క చూడలేదు నేను.

"తిన్నావా?" అన్నాది జ్యోతి.

"తిన్నా."

"దినామూ తిన్నావా?"

"దినామూ."

"మరి అమ్మ?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నా.

"అమ్మ తినలేదు నాయనా! నేను చూసినా. తినమ్మా అంటే, మీ నాయన తినకుండా ఎట్ల తినేది అన్నాది. టీ నీళ్ళు తాగి పండుకుంది మూడు దినాలు. మీరిద్దరూ ఉండగలిగినారు, నేనొక్కదాన్నే ఉండలేకపోయినా అనుకున్నా. నువ్వు బజ్జీలు తిన్నావా? బజ్జీలు తిన్నావా!"

మంచం మీద నుంచి దిగి కొట్టింది నన్ను. రెండు పిడికిళ్ళతో పొట్ట మీద. పాలు తప్ప ఏమీ తినని పిల్లకి అంత బలం యాడిదో. కొట్టు తల్లీ, ఇంకా కొట్టు అనుకున్నా. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

రేణుక తిడుతుందని ఎదురుచూసినా, తిట్టినా బాగుండు. లోపలికి పోయి రెండు కంచాల్లో అన్నం పెట్టుకోని వచ్చింది. ఒకటి జ్యోతి ముందర పెట్టింది, ఇంకోటి తన ముందర. కింద బాసంపట్లు వేసుకోని కూర్చోని, పప్పు ఏసుకోని, నెయ్యి ఏసుకోని, ఊరగాయ కారం అద్దుకోని, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ముందు కారం కలిపి తర్వాత పప్పు కలుపుకునే మనిషి అనుకున్నా ఇన్నేండ్లు. ఆమె ఎట్ల తింటాదో నేను ఈ రోజే చూసినా.

జ్యోతి వాళ్ళమ్మని కొంచెంసేపు చూసింది. ముక్కు తుడుచుకుంది. కంచం దగ్గరికి లాక్కుంది. ఏడుస్తానే తినింది, నన్ను కోరచూపు చూస్తానే తినింది, కంచం ఖాళీ చేసింది.

"నాకు?" అన్నా. నోరుందే, దానికి సిగ్గుండదు.

"చేతులు లేవా?" అన్నాది రేణుక.

డిసెంబర్ 13, శనివారం

జ్యోతి మాట్లాడలేదు. మూడు పూటలా తినింది.

డిసెంబర్ 15, సోమవారం

మాట్లాడలేదు. బళ్ళో గుడ్డు తినిందంట, టీచరమ్మ చెప్పింది. నేను టీచరమ్మకి దినామూ ఫోన్ చేస్తా ఉంటే ఆమెకి విసుగు పుట్టి "మీరు తిన్నారా సార్?" అని అడిగింది.

రేణుక ఏడున్నరకే తినేస్తా ఉంది. నేను వచ్చినా రాకపోయినా. ఆలస్యమైతే నా కంచం మీద మూత ఉంటాది. నిన్న మూత తీస్తే వంకాయ. నాకు వంకాయ పడదని ఆమెకి తెలుసు. తిన్నా. మెతుకు మిగల్చకుండా తిన్నా.

డిసెంబర్ 17, బుధవారం

వీక్లీ ఆఫ్. మధ్యాహ్నం నేనే వడ్డిచ్చినా. రేణుక తన పాటికి తను తింటా ఉంది. జ్యోతి తల వంచుకోని తింటా తింటా ఆగింది. అయిదు దినాల తర్వాత నాతో మాట్లాడింది, నా మొహం చూడకుండా.

"నాకు ఇంకా కోపం పోలేదు."

"పోవాల్సిన పని లేదు తల్లీ," అన్నా.

"శానా కోపంగా ఉంది నీ మీద."

"ఉండనీ."

"పప్పు ఇంకొంచెం ఎయ్యి."

ఏసినా.